చల్లపల్లిలో లేని శాఖ

నేను ఇంజినీరింగు రెండో ఏడాదిలో మానేసిన రోజున మా ప్రిన్సిపాల్ గేటు దాకా పరిగెత్తుకొచ్చి, "చక్రీ, నువ్వు పోతే ఈ కాలేజీకి దిక్కెవరయ్యా" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడని చాలామందికి చెప్పాను. పరిగెత్తుకొచ్చిన మాట నిజమే. వచ్చింది మాత్రం లైబ్రరీ అటెండరు. పుస్తకం ఒకటి నా దగ్గర ఉండిపోయింది.

తరవాత గుణదలలో మందుల షాపు మీద ఒక గది తీసుకుని వెబ్‌సైట్ల పని పెట్టాను. సైటు ఎవడైనా చేస్తాడు. దాన్ని గూగుల్లో పైకెక్కించడం దగ్గరే ఉంది నా ప్రతాపం. ఎవరు ఏం వెతికినా ముందు నా సైటే కనపడాలి. బెంజి సర్కిల్ దగ్గర దోమతెరలు అమ్మే పెద్దమనిషి సైటుని ఎంత పైకి లేపానంటే, నార్వే నుంచి ఒకావిడ ఫోన్ చేసి డబల్ కాట్ తెర ఉందా అని అడిగింది. వాళ్లకి మంచు తప్ప దోమ తెలియదు. అయినా అడిగింది. అదీ నా పనితనం.

ఈ కోతలన్నీ మొదటే కోసేస్తున్నాను, ఎందుకంటే నేను రాయబోయే మనిషికి ఒక్క కోత కూడా చేతకాదు. ఆయన బతుకంతా చెప్పిన టైముకి రావడం మీద నడిచింది. దాన్ని చెడగొట్టింది నేను.

ఆయన పేరు లాజరు. మా గదికి రెండు ఇళ్ల అవతల ఉంటాడు. నేను బాబాయ్ అని పిలుస్తాను, ఆయన భార్య హెలెన్‌ని పిన్నీ అంటాను. ఆయన చేసే పని, చనిపోయినవాళ్ల ఇళ్లకి ఫ్రీజర్ బాక్సు అద్దెకి ఇవ్వడం. పైన అద్దం, కింద మోటారు, నాలుగు చక్రాల మీద ఆరడుగుల పెట్టె. దూరంనుంచి రావలసినవాళ్లు వచ్చి కడచూపు చూసుకునేదాకా మనిషిని అందులో ఉంచుతారు. బాబాయి దగ్గర అలాంటివి రెండు ఉండేవి, ఒక పాత వ్యాను ఉండేది.

ఆ పనిలోకి ఆయన ఎలా వచ్చాడో చెప్పాలి. ఇరవై రెండేళ్ల వయసులో విశాఖపట్నం రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పొద్దున్నించీ సాయంత్రం దాకా ఐసు దిమ్మలు ఇనప కొక్కేలతో లాగి, చేపల పడవలకి ఎక్కించడమే పని. మే నెలలో తల్లి శౌరమ్మ గుణదలలో చనిపోయిందని టెలిగ్రాం వచ్చింది. రైలెక్కి వచ్చేసరికి మర్నాడయింది. ముందురోజు సాయంత్రమే పూడ్చేశారు. ఎండకి ఆగదని.

"రోజుకి నాలుగొందల దిమ్మలు లాగేవాణ్ణిరా నేను," అన్నాడొకసారి నాతో. "చేపలకి. మా అమ్మకి ఒక్కటి దొరకలా."

ఆయన తల్లిని గురించి నేను విన్నది అంతే. ఆ మాట కూడా టైరుకి గాలి కొట్టిస్తూ అన్నాడు.

తిరిగి విశాఖపట్నం వెళ్లలేదు. చావు జరిగిన ఇళ్లకి రిక్షా మీద ఐసు దిమ్మలు, రంపపు పొట్టు మోసేవాడు. బాక్సులు వచ్చాక బాక్సులు తెచ్చాడు. ఎవరు ఫోన్ చేసినా పేరు, అడ్రసు తరవాత. మొదట అడిగేది, "ఎవరు రావాలండీ? ఎప్పటికి రాగలరు?" అనే. తరవాత తను ఎంతసేపట్లో వస్తాడో చెప్పేవాడు. దానికో పద్ధతి ఉండేది. "నలభై నిమిషాలండీ. రైలు గేటు పడితే యాభై." గేటు పడకపోతే నలభయ్యో నిమిషానికి ఇంటి ముందు ఉండేవాడు. పడితే యాభై. నేను వాచీ పెట్టుకుని చూశాను, ఆటపట్టించడానికి. ఒక్కసారి కూడా దొరకలేదు.

ఇంకొక పద్ధతి ఉంది. చావింటి గుమ్మం ముందు వ్యాను దిగగానే ఫోను ఆపేసేవాడు. సైలెంటులో పెట్టడం కాదు, పూర్తిగా ఆపేయడం. మనిషిని బాక్సులో పెట్టి, ప్రార్థన అయ్యి, వైరు సరిగా ఉందో లేదో చూసి, మళ్లీ వ్యాను ఎక్కాకే ఆన్ చేసేవాడు. ఒక్కోసారి గంట పట్టేది, ఒక్కోసారి రెండు.

"ఈలోపు బేరాలు పోతయ్ కదా బాబాయ్?"

"పోతే పోతయ్. వాళ్లమ్మని ఎత్తి పెట్టేటప్పుడు నా జేబులో సినిమా పాట మోగితే బాగుంటదంట్రా?"

"పాట మార్చుకో. ఏడుపు పాట పెట్టుకో."

"నీ మొహం పెట్టుకుంటా. అందరూ ఏడుస్తారు."

అలా మాట్లాడుకునేవాళ్లం. ఇప్పటికీ మాట్లాడుకుంటాం గానీ, మధ్యలో ఒక రోజు వచ్చి కూర్చుంది.

నాలుగేళ్ల కిందట ఆయనకి ఫోన్లు తగ్గిపోయాయి. జనం తెలిసినవాళ్లని అడగడం మానేసి గూగుల్ని అడగడం మొదలుపెట్టారు. ఎక్కడో దూరాన కూర్చుని ఫోన్లు ఎత్తే ఒక కంపెనీ, ప్రతి ఊళ్లోనూ తనకు ఆఫీసు ఉన్నట్టు రాసుకుని ముందు కనపడేది. వాళ్లకి బాక్సు లేదు, వ్యాను లేదు. ఫోన్ వస్తే దగ్గర్లో ఎవరికో పురమాయించి మధ్యలో కమీషను తీసుకునేవాళ్లు. హెలెన్ పిన్ని ఒకరోజు మెట్లెక్కి నా గదికొచ్చింది.

"ఏరా, ఊళ్లో వాళ్లందరినీ గూగుల్లో పెడతావంట. మీ బాబాయి కనపడడా?"

"పిన్నీ, నువ్వు అడగాలే గానీ చంద్రుడి మీద నుంచి కూడా ఆర్డర్లు తెప్పిస్తా."

"చంద్రుడి మీదకి వ్యాను పోదు. గన్నవరం దాకా తెప్పించు చాలు."

బాబాయి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. నేను అడుగుతుంటే చెప్పాడు. "రాయి. మేము గుణదలలో ఉంటాం. బెజవాడలో ఎక్కడికైనా గంటలోపు వస్తాం. ఉయ్యూరు అయితే గంటన్నర. పామర్రు అయితే గంటా ముప్పావు. అటుపైన అయితే దగ్గర్లో ఇంకెవరన్నా ఉన్నారేమో చూసుకోండి."

నేను టైపు చేయడం ఆపాను. "బాబాయ్, ఇది సైటా, ఫాదరు ముందు చెప్పుకునే పాపసంకీర్తనమా? వేరేవాణ్ణి చూసుకోండి అని ఎవడన్నా రాసుకుంటాడా?"

"ఉన్నదే కదరా."

"ఉన్నది రాస్తే పదో పేజీలో ఉంటావు. అక్కడికి ఈగ కూడా రాదు."

"రాకపోతే మానె. లేనిది మటుకు రాయమాక. ఆ ఇంట్లో వాళ్లు గడియారం చూస్తా ఉంటారు. నువ్వెప్పుడూ చూళ్లా, నీకు తెలవదు."

సరే బాబాయ్ అన్నాను. ఆయన ముందు అలాగే రాశాను. ఆయన మెట్లు దిగగానే నా పనితనం మొదలుపెట్టాను.

ముప్పై ఒక్క ఊళ్లకి ముప్పై ఒక్క పేజీలు తయారు చేశాను. కంకిపాడు శాఖ, ఉయ్యూరు శాఖ, పామర్రు శాఖ, మొవ్వ శాఖ, చల్లపల్లి శాఖ. అన్నీ ఒకటే పేజీ, ఊరి పేరు ఒక్కటే వేరు. ఆ ఊళ్లో ఎవరన్నా ఫ్రీజర్ బాక్సు అని వెతికితే, అదేదో తమ బజారులోనే ఉన్నట్టు కనపడాలని. కింద తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలతో వందల ఊళ్ల పేర్లు నింపాను. మనిషి కంటికి కనపడవు, గూగుల్ మాత్రం చదువుకుంటుంది. లేని మనుషుల పేర్లతో పొగడ్తలు రాశాను: "లాజరు గారు పావుగంటలో వచ్చారు, దేవుడిలా ఆదుకున్నారు." అన్నిటికన్నా నేను మురిసిపోయింది, సైటులో ఎవరైనా ఊరు, నంబరు నింపితే వెంటనే దానంతటదే వెళ్లే మెసేజీని చూసి. "మీ కబురు అందింది. మా ఫలానా ఊరి శాఖ నుంచి బాక్సు ఇరవై నిమిషాల్లో మీ ఇంటి ముందు ఉంటుంది. ఇట్లు, లాజరు."

మెసేజీ చూసుకుని వాళ్లు ఇంకెవరికీ చేయరు. ఈలోపు బాబాయి, వాళ్ల ఊరూ నంబరూ తన ఫోనుకి కూడా మెసేజీగా వస్తాయి గనక, చూసుకుని ఫోన్ చేస్తాడు, నిజం టైము చెబుతాడు, నచ్చినవాళ్లు ఒప్పుకుంటారు. అదీ నా లెక్క. అప్పుడు అది మోసంలా కనపడలేదు. కొంచెం ముందుకి నెట్టడంలా కనపడింది. ఆ కంపెనీవాళ్లు చేస్తున్నదేగా అనుకున్నాను.

రెండు నెలల్లో సైటు పైకొచ్చింది. ఫోన్లు పెరిగాయి. బాబాయికి ఆశ్చర్యం.

"పామర్రు వాళ్లకి నేనెట్టా తెలుసురా?"

"నీ మంచితనం బాబాయ్. కాలవ నీళ్లల్లో కలిసి పారతా ఉంది."

నవ్వాడు. నమ్మాడు.

ఆ మే నెల ఎండ మీకు గుర్తుందో లేదో. కాకులు ఎగరలేక బందరు రోడ్డు మీద నడిచి వెళ్తుంటే నేను కళ్లారా చూశాను. చేపలు కాలవలోంచి తొంగిచూసి మళ్లీ లోపలికి పోయేవి. రోజూ ఎక్కడో ఒకచోట చావు. చుట్టుపక్కల ఊళ్లల్లో ఉన్న నాలుగైదు బాక్సులకీ ఖాళీ ఉండేది కాదు. ఒక బాక్సు ఒక ఇంట్లోంచి వస్తూనే ఇంకో ఇంటికి పోయేది.

అప్పుడొక ఉదయం, బాబాయి దగ్గర పనిచేసే డ్రైవరు రాకపోతే నేను వ్యాను నడిపాను. పటమటలో ఒక పెద్దావిడ పోయింది. ఏడున్నరకి గుమ్మం ముందు దిగి బాబాయి ఫోను ఆపేశాడు. నన్నూ ఆపేయమన్నాడు. ఫాదరు గారు రావడం ఆలస్యమైంది, ప్రార్థన ఆలస్యమైంది. మళ్లీ వ్యాను ఎక్కి ఫోను ఆన్ చేసేసరికి తొమ్మిదీ నలభై అయింది.

సైటు నుంచి మెసేజీ ఉంది. ఎనిమిదీ పదికి వచ్చింది. చల్లపల్లి అవతల ఏటి వారన ఒక ఊరు. కింద ఆ నంబరు నుంచి పదకొండు మిస్డ్ కాల్సు.

బాబాయి ఫోన్ చేశాడు. అవతల ఒక అమ్మాయి. పేరు వినీల అని తరవాత తెలిసింది. ఈయన హలో అనకముందే, "అన్నయ్యా, ఎక్కడిదాకా వచ్చారు?" అంది.

"ఎక్కడికమ్మా? నేను గుణదల లాజరుని. బెజవాడ నుంచి మాట్లాడుతున్నా. ఎవరు రావాలమ్మా?"

ఆ అమ్మాయి, "మీరు చల్లపల్లిలో ఉండరా?" అంది.

విషయం ఇది. ఆమె అక్క సుస్మిత, ముప్పై నాలుగేళ్లు. కిడ్నీలు చెడిపోయి ఏడాదిగా వారానికి రెండుసార్లు రక్తం శుద్ధి చేయించుకుంటోంది. ఆ తెల్లవారుజామున పోయింది. భర్త జోయెల్ లారీ డ్రైవరు. లోడు దించడానికి నాగపూరు దాటి వెళ్లాడు. మర్నాడు ఉదయానికి గానీ రాలేడు. ఆ ఊరికి దగ్గర్లో ఒక బాక్సు ఎనిమిదిన్నరకి ఖాళీ అయింది. వీళ్లు పొద్దున్నే అడిగి ఉన్నారు గనక, దాని యజమాని తనే ఫోన్ చేసి కావాలా అని అడిగాడు. అక్కర్లేదు, చల్లపల్లి శాఖ నుంచి లాజరు గారు ఇరవై నిమిషాల్లో వస్తున్నారు అని వినీల చెప్పింది. ఆ బాక్సు ఇంకో ఊరికి వెళ్లిపోయింది.

బాబాయి, మళ్లీ చేస్తానమ్మా అని ఫోను పెట్టేసి, బందరు, అవనిగడ్డ, రేపల్లె, తనకి తెలిసిన నంబర్లన్నీ తిప్పాడు. ఎక్కడా ఖాళీ లేదు. ఇంటికెళ్లి రెండో బాక్సు ఎక్కించుకుని పదింపావుకి బయల్దేరాం. వినీలకి ఫోన్ చేసి, "రెండు గంటల పది నిమిషాలు పడతదమ్మా. ఈలోపు ఎక్కడన్నా ఐసు దిమ్మలు దొరికితే తలకాయ దగ్గర, పొట్ట దగ్గర పెట్టండి. ఫ్యాను గాలి తగలనియ్యండి," అని చెప్పాడు.

దారిలో ఆయన నన్ను ఏమీ అడగలేదు. చల్లపల్లి శాఖ అంటే ఏంటని కూడా అడగలేదు. నేను మటుకు ఉయ్యూరు దాకా ఆగకుండా వాగాను. ఆ అమ్మాయి ఏదో పొరపాటు పడి ఉంటుందన్నాను. ఆ కంపెనీవాళ్లు నీ పేరు వాడుకుంటున్నారేమో అన్నాను. ఆయన రోడ్డు చూస్తున్నాడు.

"కొంచెం తొక్కు," అన్నాడు. అంతే.

పన్నెండూ ఇరవై అయిదుకి దిగాం. చెప్పిన రెండు గంటల పది నిమిషాలు. వాకిట్లో షామియానా కింద నలభై మంది ఉన్నారు. అప్పటికే చెక్క పెట్టె వచ్చింది. పాస్టరు గారు వచ్చారు. ఐసు దొరకలేదట. సుస్మిత చిన్నాన్న, ఫిలిప్ అనే పెద్దాయన, ఎదురొచ్చాడు.

"ఇరవై నిమిషాలు ఇప్పటికి అయిందా అయ్యా నీకు?"

బాబాయి ఫోను ఆపేసి జేబులో పెట్టుకున్నాడు. "నేను అట్టా చెప్పలేదండీ," అన్నాడు.

వినీల తన ఫోను తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన పెదాలు కదుపుతూ చదివాడు. మీ కబురు అందింది. మా చల్లపల్లి శాఖ నుంచి. చివర ఇట్లు, లాజరు. అది రెండుసార్లు చదివాడు. తలెత్తి నావైపు చూశాడు. నేను షామియానా గుంజ వైపు చూశాను.

"నా పేరేనండీ," అన్నాడు ఫిలిప్ గారితో.

ఆ మాట తరవాత నేను ముందుకొచ్చి అది రాసింది నేను అనాలి. నోరు తెరిస్తే ఆగనివాణ్ణి, ఆ ఒక్కసారి నోరు పెగల్లేదు. ఇదిగో, ఇప్పుడు రాస్తున్నాను. అది రాసింది నేను.

"పోనీ ఇప్పుడన్నా వచ్చావు. రేపు పొద్దున దాకా ఆగుద్దా?" అని అడిగాడు ఫిలిప్.

బాబాయి చెప్పులు విప్పి లోపలికి వెళ్లాడు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఆమె చెయ్యి చూశాడు, మెడ దగ్గర చూశాడు, మొహం చాలాసేపు చూశాడు. జబ్బు మనిషి, ముందే ఒళ్లంతా నీరు. పోయి ఎనిమిది గంటలు, ఆ ఎండలో. ఇంతలో వినీల ఫోను మోగింది. జోయెల్. ఆ అమ్మాయి మాట్లాడలేక స్పీకరు పెట్టి నేల మీద ఉంచింది.

లారీల హారన్ల మధ్య నుంచి ఆ మనిషి గొంతు వచ్చింది. "బాక్సు వచ్చిందా?"

"వచ్చిందయ్యా," అన్నాడు బాబాయి. "నేను బాక్సు తెచ్చిన లాజరుని."

"అన్నా, బండి రోడ్డు పక్కన పెట్టేసి ఇంకో కారెక్కా. తెల్లారేటప్పటికి వచ్చేస్తా. ఎట్టాగైనా ఆపండన్నా. ఆగుద్దా?"

నన్నడిగితే ఆగుద్ది అనేవాణ్ణి. ముందు బాక్సులో పెట్టి, తరవాత సంగతి తరవాత చూసుకునేవాణ్ణి. అక్కడున్న నలభై మందీ ఆ మాట కోసమే చూస్తున్నారు. ఆ మాట ఒక్కటి అంటే ఆయన మీద కోపం కూడా పోయేది.

"ఆగదయ్యా," అన్నాడు బాబాయి. "తొమ్మిదింటికి పెట్టుంటే ఆగేది. ఇప్పుడు పెట్టినా రేపటికి నువ్వు చూడలేవు. ఆ పిల్లని అట్టా చూడమాక."

హారన్లు వినపడుతున్నాయి. ఎవరో పక్కన హిందీలో ఏదో అడుగుతున్నారు.

"అయితే మూసెయ్యండి," అన్నాడు జోయెల్.

సమాధుల తోట దాకా మేమూ వెళ్లాం. ఖాళీ బాక్సు వ్యానులోనే ఉంది. మట్టి వేసేటప్పుడు వినీల బాబాయి వైపు ఒకసారి చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

తిరిగొచ్చేటప్పుడు పామర్రు దాటాక అడిగాడు.

"ఎన్ని ఊళ్లురా?"

"ముప్పై ఒకటి."

"అన్నిట్లో నేనున్నానా?"

"ఉన్నావు బాబాయ్."

"మా అమ్మ పోయిన్నాడు ఒక్క ఊళ్లో లేను," అన్నాడు.

హెలెన్ పిన్ని మాత్రం ఊరుకోలేదు. వీధిలో అందరూ వినేలా తిట్టింది. "నిన్ను నేను కనపడేట్టు చేయమన్నానా, కనికట్టు చేయమన్నానా? నువ్వు పోయిన్నాడు ఎవరో ఇరవై నిమిషాల్లో వస్తానని చెప్పి రాకుండా ఉండాలి!" తిట్టి తిట్టి, లోపలికెళ్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అడిగింది తనే కదా అని.

ఆ సాయంత్రమే ముప్పై ఒక్క పేజీలూ తీసేశాను. తెల్ల అక్షరాలు తీసేశాను. లేని మనుషుల పొగడ్తలు తీసేశాను. కట్టడానికి మూడు వారాలు పట్టింది, తీయడానికి అరగంట. వారంలో సైటు పాతాళానికి దిగింది.

సుస్మిత వాళ్ల ఇంట్లో ఆదరణ కూడిక, అంటే ఆమె జ్ఞాపకార్థం ప్రార్థన, పెట్టుకున్న రోజున బాబాయి మళ్లీ చల్లపల్లి వైపు బయల్దేరాడు. బాక్సు లేకుండా. "నువ్వూ రా," అన్నాడు. ఎందుకని అడిగే ధైర్యం లేదు.

జోయెల్ సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. లారీ తిప్పీ తిప్పీ కుడి చెయ్యి ఎండకి నల్లబడి, ఎడమ చెయ్యి వేరే మనిషిదిలా ఉంది. కూడిక అయ్యాక, జనం భోజనాలకి లేచాక, బాబాయి ఆయన ముందు నిలబడ్డాడు.

"నేను లాజరునయ్యా. ఆ మెసేజీలో ఉంది నా పేరు. అది అబద్ధం. నాకు చల్లపల్లిలో ఏమీ లేదు. అది నమ్మబట్టి మీ వాళ్లు వేరే బాక్సు వదులుకున్నారు. చెప్పిపోదామని వచ్చా."

జోయెల్ కుర్చీ లాగి కూర్చోమన్నాడు. తరవాత, "మీరు చూశారంట కదా. దగ్గరగా," అన్నాడు.

"చూశానయ్యా."

"మావాళ్లు ఫోటో పంపారు. తెరవలేదు. ఫోన్లో చూస్తే ఇంక అదే ఉండిపోద్ది కళ్లల్లో." జేబులో ఫోను మీద చెయ్యి వేశాడు. "ఎట్టా ఉంది మొహం?"

నేను ఆగలేకపోయాను. నాకు చేతనైన పని అదొక్కటేగా. "నిద్రపోతున్నట్టే ఉందన్నా," అన్నాను. "అసలు నవ్వుతున్నట్టు..."

"నువ్వు ఊరుకో," అన్నాడు బాబాయి. గట్టిగా అనలేదు. నేను ఊరుకున్నాను.

"వాచి ఉందయ్యా," అన్నాడు జోయెల్‌తో. "కళ్లు పూర్తిగా మూసుకోలేదు. పెదాలు ఎండిపోయి ఉన్నయ్. ఎడం కనుబొమ్మ మీద చిన్న గాటు ఉంది."

"చిన్నప్పటిది. పంపు మీద పడింది."

"తల్లో మల్లెపూలు పెట్టారు. ముక్కుకి రెండుపక్కలా కళ్లజోడు గుర్తులు ఉన్నయ్. అవి మాత్రం అట్టాగే ఉన్నయ్."

జోయెల్ తలెత్తాడు. "కళ్లజోడు పెట్టలేదా దానికి?"

జోయెల్ లేచి లోపలికెళ్లాడు. టీవీ పక్కన, మందుల డబ్బా మీద, మడిచి పెట్టిన కళ్లజోడు ఉంది. చేతిలో పట్టుకుని బయటికొచ్చాడు.

"ఇది లేకపోతే దానికి గుమ్మం కూడా కనపడదు," అన్నాడు. కళ్లజోడు మీద దుమ్ము చొక్కాతో తుడిచాడు. తుడుస్తూనే ఉన్నాడు.

"ఇప్పుడు పెట్టడానికి కుదరదు కదా?" అని అడిగాడు బాబాయిని, ఈ పని తెలిసిన మనిషి గనక.

"కుదరదయ్యా," అన్నాడు బాబాయి.

ఈ రెండుసార్లూ ఆయన ఆగదు, కుదరదు అనడం నేను విన్నాను. నేను పుట్టి ఇన్ని కథలు చెప్పాను, విన్నవాళ్లు నవ్వారు, మర్చిపోయారు. ఆయన చెప్పిన ఆ రెండు మాటలూ విన్నవాళ్లెవరికీ మర్చిపోయే వీలు లేదు.

గుణదల తిరిగొచ్చాక బాబాయి మెట్లెక్కి నా గదికొచ్చి మళ్లీ అదే స్టూలు మీద కూర్చున్నాడు. "రాయి," అన్నాడు. "మేము గుణదలలో ఉంటాం. మాకు వేరే శాఖలు లేవు. చావింట్లో ఉన్నప్పుడు మా ఫోను ఆపి ఉంటుంది. అప్పుడు ఆగకండి, ఈ కింద ఉన్నవాళ్లకి చేయండి." కింద ఉయ్యూరు, పామర్రు, బందరు, అవనిగడ్డ వైపు బాక్సులున్నవాళ్ల పేర్లూ నంబర్లూ చెప్పాడు. ఒక్కొక్కరికీ తనే ఫోన్ చేసి అడిగి రాయించాడు. సొంత సైటులో పోటీవాళ్ల నంబర్లు పెట్టించుకున్న వ్యాపారస్తుణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు. ఇది కోత కాదు. ఈ కథలో నేను పెంచి చెప్పింది నార్వే ఆవిడని, కాకుల్ని, చేపల్ని.

ఆ సైటు మళ్లీ పైకి రాలేదు. అబద్ధపు పేజీల మచ్చ అంత తొందరగా పోదు. నేను ఇంకెవరికీ అలాంటివి చేయడం లేదు. దోమతెరల పెద్దమనిషి కూడా నన్ను మాన్పించాడు. బాబాయి ఆ వేసవి దాటాక ఒక బాక్సు అమ్మేశాడు. ఒక్కదానితోనే తిరుగుతున్నాడు. హెలెన్ పిన్ని ఇప్పుడు ఇంకో ఫోను పెట్టుకుని ఇంట్లో కూర్చుంటుంది. బాబాయి చావింట్లో ఉన్నప్పుడు వచ్చే ఫోన్లు తనే ఎత్తి, "ఆయన రావడానికి చాలాసేపు పట్టుద్దండీ, ఈ నంబరు రాసుకోండి," అని పక్కూరివాళ్ల నంబరు చెబుతుంది.

కిందటి చలికాలంలో బాబాయికి జోయెల్ నుంచి ఫోన్ వచ్చింది. తల్లి పోయింది.

"ఎంతసేపు పడుద్దన్నా?"

"రెండు గంటల పది నిమిషాలయ్యా."

"అయితే దగ్గర్లోది తెప్పించుకుంటా." ఫోను పెట్టేయలేదు. "బాక్సు వద్దు. మీరు రండి."

వెళ్లాం. వేరే ఊరివాళ్ల బాక్సు వాకిట్లో సన్నగా మోగుతోంది. జోయెల్ దాని పక్కనే స్టూలేసుకుని కూర్చున్నాడు. ఈసారి ఊళ్లోనే ఉన్నాడు. గోడ మీద సుస్మిత ఫోటోకి దండ వేసి ఉంది, ఫోటోలో ఆమె కళ్లజోడు పెట్టుకునే ఉంది. గుమ్మం ముందు బాబాయి ఫోను ఆపేశాడు. నేను చెప్పించుకోకుండానే నాది ఆపేశాను.

జోయెల్ పక్కకి జరిగి ఆయనకి చోటిచ్చాడు. ఇద్దరూ అద్దంలోంచి ఆ ముసలామె మొహం చూస్తూ కూర్చున్నారు.

"ఫోను మార్చానన్నా," అన్నాడు జోయెల్ కాసేపటికి. "పాతది బీరువాలో పెట్టా. మావాళ్లు పంపిన ఆ ఫోటో అందులోనే ఉంది."

"తెరిచావా?"

తల అడ్డంగా ఊపాడు.